గమ్హరియాలో గాలి తిత్తుల పాఠం

గమ్హరియా అన్న పేరు మన పత్రిక పాఠకులలో చాలమందికి పరిచయం ఉండకపోవచ్చు. విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్, సంబల్‌పుర్, రూర్కెలాల మీదుగా జంషెడ్‌పూర్ వెళ్ళే రైలు టాటానగర్ చేరబోయే ముందు ఈ స్టేషనును దాటుతుంది. ప్రయాణికులు పెట్టెలు సర్దుకొని, చెప్పులు వెదుక్కొనే సమయమది. కిటికీలోనుండి బయటకు చూసే తీరిక ఎవరికీ ఉండదు. మేమూ చూడలేదు. టాటానగర్‌లో దిగి, స్నానపానాదులు ముగించుకొని, వచ్చిన దారినే పది పన్నెండు కిలోమీటర్లు వెనుకకు వెళ్ళినప్పుడు గాని, మా పని ఉన్న ఊరు ఆ దాటివచ్చిన ఊరేనని తెలియలేదు.

మేము ముగ్గురం. ఒకరు యాంత్రిక విభాగం, ఒకరు రవాణా విభాగం, ఒకరు ఆర్థిక విభాగం. గమ్హరియాలోని ఒక కర్మాగారంలో మన సంస్థ కొరకు తయారైన ఫోర్జింగులను పంపకానికి ముందు తనిఖీ చేయుట మాకు అప్పగించిన పని. దానితో పాటు మా సంచిలో మరొక ఫైలు కూడ ప్రయాణం చేసినది. అది తనిఖీకి సంబంధించినది కాదు. తిరిగి వచ్చిన వెంటనే మేము ముగ్గురమే దానిపై నివేదిక ఇవ్వవలసి ఉన్నందున, రైలులో చదువుకొనవచ్చునని వెంట తీసుకొని వెళ్ళాము.

ఆ ఫైలు సంగతి క్లుప్తంగా ఇది. అతిథుల కొరకు మన కార్యాలయం వాడే పెద్ద ఎస్‌యూవీ ఒకటి అనంతగిరి ఘాట్ రోడ్డులో వెనుక భాగం నేలకు కుంగి ఆగిపోయింది. ముఖ్య అతిథి మూడు గంటలు రోడ్డు ప్రక్కన వేచి ఉండవలసి వచ్చినది. ఆ వాహనానికి ఉన్నది మామూలు స్ప్రింగులు కావు. రోడ్డును బట్టి, బరువును బట్టి తనంతట తాను సర్దుకొనే అడాప్టివ్ సస్పెన్షన్. మరమ్మతు ఖర్చు మూడు నెలల జీతానికి తక్కువ కాలేదు. "గోతులలో వేగంగా, నిర్లక్ష్యంగా నడిపినందువలన" ఈ నష్టం జరిగినదని, ఆ మొత్తం ఎందుకు వసూలు చేయరాదో తెలుపవలసినదని డ్రైవరుకు మెమో ఇచ్చారు. ఆయనకు ఇరవై ఎనిమిది సంవత్సరాల సర్వీసు. పదవీ విరమణకు ఇంకను రెండేళ్ళు ఉన్నది.

ఆయన ఇచ్చిన సమాధానం నాలుగు పంక్తులు. "నేను ఎప్పటివలెనే నడిపినాను. గోతిలో పడలేదు. బండి దానంతట అదే దిగిపోయినది. తమరు దయతో విచారించ ప్రార్థన." నిజం చెప్పవలసి వస్తే, రూర్కెలా దాటేసరికి మేము నివేదికను మనసులో వ్రాసివేసుకొన్నాము. మంచి వాహనం దానంతట అది ఎందుకు దిగిపోతుంది? నడిపినవారే బాధ్యులు కదా? ఆ అభిప్రాయంతోనే గమ్హరియాలో అడుగుపెట్టాము.

ఊరి పేరు వినగానే గమ్హార్ చెట్టు జ్ఞాపకం వస్తుంది. మన వైపు దానిని గుమ్మడి టేకు అంటారు. నేడు మాత్రం ఇచ్చట చెట్ల కంటె పొగగొట్టాలే ముందు కంటపడతాయి. జంషెడ్‌పూర్ నుండి ఖర్కాయి నది వంతెన దాటితే ఆదిత్యపూర్. దానిని ఆనుకొని గమ్హరియా. పరిపాలనలో ఇది జంషెడ్‌పూరుకు చెందదు. ఒకప్పటి సరాయికెలా సంస్థాన ప్రాంతం. 1948లో ఆ సంస్థానం భారతదేశంలో విలీనమైనది. 2000 నవంబరు 15న ఝార్ఖండ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత, 2001లో సరాయికెలా ఖర్సావాఁ ప్రత్యేక జిల్లా అయినది. ఉత్తరాన దల్మా కొండలు నీలంగా కనిపిస్తూ ఉంటాయి. రోడ్డుకు కొంచెం ఎడంగా వెళ్ళితే అలికిన మట్టి గోడలతో, గోడలపై రంగు పట్టీలతో సంతాల్, హో పల్లెలు ఇప్పటికీ ఉన్నాయి.

నదికి అవతలి ఒడ్డున ఉక్కు నగరం ఎదిగిన కథ అందరికీ తెలిసినదే. 1907లో సంస్థ స్థాపన, 1912లో మొదటి ఉక్కు, 1919లో సాక్చి గ్రామానికి జంషెడ్‌పూర్ అన్న నామకరణం. 1945లో టెల్కో ఏర్పడినది. 1954 నుండి డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీల తయారీ మొదలైనది. పెద్ద కర్మాగారం ఒక ఒడ్డున ఉంటే, దానికి కావలసిన చిన్నవి, మధ్యతరహావి రెండవ ఒడ్డున వెలిశాయి. ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ అలా విస్తరించినది. గమ్హరియాలో టాటా గ్రోత్ షాప్ ఉన్నది. రామకృష్ణ ఫోర్జింగ్స్ ఉన్నది. వాహన పరిశ్రమకు మిశ్రమ ఉక్కును అందించే ఉషా మార్టిన్ ఉక్కు కర్మాగారం 2019లో టాటా సమూహానికి బదిలీ అయి, 2023లో టాటా స్టీల్‌లో కలిసిపోయినది. మన దేశపు రోడ్ల మీద తిరిగే ఎన్నో లారీల ఎముకలు ఈ ఊళ్ళోనే పోసుకొన్నవంటే అతిశయోక్తి కాదు.

మొదటి రోజు తనిఖీ సాయంత్రం నాలుగింటికి ముగిసినది. కాండ్రా వైపు వెళ్ళే రోడ్డు మీద లారీల బారు. ఇనుప ఖనిజం ధూళి, బొగ్గు ధూళి, ఎర్రమట్టి కలిసి ఆకుల రంగే మార్చివేశాయి. మమ్ములను తీసుకొని వెళ్ళుచున్న కారు టైరుకు మేకు దిగడంతో రోడ్డు ప్రక్కన ఉన్న ఒక మరమ్మతు షెడ్డు ముందు ఆగవలసి వచ్చినది. షెడ్డులో రెండు లారీలు, వాటి ప్రక్కన ఒక పెద్ద ఎస్‌యూవీ నిలబడి ఉన్నవి. ఆ ఎస్‌యూవీ వెనుక భాగం చక్రాల మీదకు కుంగి ఉన్నది. రవాణా విభాగం మిత్రుడు ఫైలులోని ఫొటోను తీసి చూచి, "ఇదీ అదీ కవల పిల్లలవలె ఉన్నవి" అన్నాడు.

మా మాటలు విని, లారీ క్రింద పడుకొని పనిచేస్తున్న మేస్త్రీ బయటకు వచ్చాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి. "తెలుగువోళ్ళా బాబూ? ఏ ఊరు?" అని అడిగాడు. ఆ ప్రశ్నతో మాకు ప్రయాణపు అలసట సగం తీరిపోయినది.

"మా తాతది టెక్కలి పక్క. కంపెనీ పనికని వచ్చీనాడు. మా అయ్య ఇక్కడే, నాను ఇక్కడే. తెలుగు ఇంట్లో మాటాడతాం, బయట అంతా హిందీయే" అన్నాడు. జంషెడ్‌పూరులో ఇటువంటి కుటుంబాలు ఎన్నో గలవు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి ఉక్కు పనికి, రైలు పనికి వచ్చి స్థిరపడినవారు బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకొన్నారు. మరునాడు ఉదయం మేము అచ్చటికి వెళ్ళి దర్శనం చేసుకొన్నాము. ప్రసాదం తింటూ ఉండగా నాలుగు ప్రక్కలనుండి వినిపించిన తెలుగు, సొంత ఊరిని మరపించినది.

టైరు పని జరుగుచుండగా మేస్త్రీ మాకు ముందుగా లారీ కమాన్ కట్టను చూపించాడు. ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు, మధ్యలో సెంటర్ బోల్టు, రెండు వైపులా యూ బోల్టులు. ఈ పట్టీలు సిలికాన్, మాంగనీసు లేక క్రోమియం, వెనేడియం కలిపిన ఉక్కుతో తయారవుతాయి. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరచి, మరల తగు వేడిలో ఉంచి పెళుసుదనం తీసివేస్తారు. చిన్న ఉక్కు గుండ్లను వేగంగా కొట్టి పై పొరను బిగిస్తారు. బీటలు పుట్టేది పై పొరలోనే గనుక ఆ పొర ఎంత బిగిసి ఉంటే పట్టీ ఆయుర్దాయం అంత పెరుగుతుంది. యాంత్రిక విభాగం మిత్రునికి ఇవి తెలిసిన విషయాలే. కాని మేస్త్రీ చెప్పిన మాట ఆయన పుస్తకాలలో లేనిది.

"కమాన్ ముసలిదైతే సెప్తాది బాబూ. ముందు కిర్రుమంటాది. తరవాత వంపు తగ్గుతాది. తరవాత ఒక పట్టీ ఇరుగుతాది, మిగతావి మోస్తాయి. డ్రైవరుకి నెల ముందే తెలుస్తాది. ఇదిగో, ఈ దొరబిడ్డ ఉంది సూడండి, ఇది సెప్పదు" అని ఎస్‌యూవీ వైపు చేయి చూపించాడు.

ఆ దొరబిడ్డ నిర్మాణం పాఠకులకు కొంత వివరించుట అవసరం. ఉక్కు స్ప్రింగు స్థానంలో దీనికి రబ్బరు తిత్తి ఉంటుంది. కమ్మరి కొలిమి తిత్తికి ఇది దూరపు చుట్టం. లోపల గాలి, టైరులోని గాలి కంటె కొన్ని రెట్లు ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది. ఆ గాలిని అందించుటకు విద్యుత్తుతో నడిచే చిన్న కంప్రెసర్, ఏ చక్రానికి ఎంత పంపవలెనో తెరచి మూసే వాల్వులు, ప్రతి చక్రం వద్ద ఎత్తును కొలిచే సెన్సార్లు, వీటన్నింటికి ఆజ్ఞలిచ్చే కంప్యూటరు ఉంటాయి. నలుగురు ఎక్కినా, సామాను నింపినా బండి ఎత్తు మారదు. దీనితో పాటు షాక్ అబ్సార్బర్లలో నూనె ప్రవహించే దారిని విద్యుత్తు వాల్వు క్షణంలో అతి స్వల్ప భాగంలో ఇరుకు చేస్తుంది, వెడల్పు చేస్తుంది. మలుపులో గట్టిగా, గోతిలో మెత్తగా ఉండుట అందువలననే సాధ్యం. కొన్ని వాహనాలలో వాల్వుకు బదులు నూనెలోనే సన్నని ఇనుప రేణువులను కలిపి, అయస్కాంత శక్తితో దానిని చిక్కబరుస్తారు. 2002లో కాడిలాక్ సెవిల్ ఎస్‌టీఎస్‌తో ఆ పద్ధతి మొదటిసారిగా కార్లలోకి వచ్చినది.

గాలి మీద కారును నిలబెట్టాలన్న ఆశ కొత్తది కాదు. 1955లో సిట్రోయెన్ డీఎస్ నూనెను, వాయువును కలిపి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచినది. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ గాలి తిత్తులతో వచ్చినది. ఆ తిత్తులు కారిపోయి, విసిగిన యజమానులు చాలమంది వాటిని తీసివేసి ఉక్కు స్ప్రింగులు బిగించుకొన్నారు. 1992లో రేంజ్ రోవర్ విద్యుత్ నియంత్రణ గల గాలి సస్పెన్షన్‌ను పెద్ద ఫోర్ వీల్ వాహనాలలోకి తెచ్చినది. ఆ రేంజ్ రోవర్ సంస్థనే 2008లో టాటా మోటార్స్ కొనుగోలు చేసినది. జంషెడ్‌పూరులో కమాన్ కట్టల లారీలతో మొదలైన సంస్థ చేతికే గాలి తిత్తుల రేంజ్ రోవర్ రావడం, ఈ నది ఒడ్డున నిలబడి తలచుకొంటే విచిత్రంగా అనిపించినది.

ఇక అరుగుదల సంగతి. మేస్త్రీ వెనుక చక్రం విప్పి తిత్తిని బయటకు తీశాడు. తిత్తి క్రింది భాగం సాక్సును మడచినట్లు లోపలికి మడచి ఉంటుంది. చక్రం లేచిన ప్రతిసారీ ఆ మడత పైకి క్రిందికి దొర్లుతుంది. మడతలో చేరిన ధూళి ఆకురాయివలె రబ్బరును గీస్తూ ఉంటుంది. ఎండ, ఇంజను వేడి, గాలిలోని ఓజోను రబ్బరును పెళుసు చేస్తాయి. ఆయన సబ్బు నురుగు పూశాడు. మడతలో సూది మొనంత బుడగలు వరుసగా లేచాయి. అంతకుముందు కంటికి కనిపించినది ఏమీ లేదు.

ఆర్థిక విభాగం మిత్రుడు అచ్చటనే కాగితంపై ఒక లెక్క వేశాడు. మన కార్యాలయ వాహనం ఏడు సంవత్సరాలలో 1,12,000 కిలోమీటర్లు తిరిగినది. సగటు వేగం గంటకు 40 కిలోమీటర్లనుకొంటే 2,800 గంటలు. అంటే దాదాపు ఒక కోటి సెకనులు. వాహనం శరీరం రమారమి సెకనుకు ఒకసారి ఊగే స్వభావం గలది. చక్రాలు పదిసార్ల వరకు అదరగలవు. నున్నని రోడ్డు మీద ఊగని సమయాన్ని ఉదారంగా సగం తీసివేసినా తిత్తి మడత లక్షలకొలది సార్లు నిండుగా దొర్లినది. షాక్ అబ్సార్బరు కోట్లకొలది చిన్న అదురులను మ్రింగినది. వర్క్‌షాపులలో సాధారణంగా చెప్పుకొనే లెక్క ప్రకారం ఇటువంటి తిత్తులకు ఆరు నుండి పది సంవత్సరాలు, షాక్ అబ్సార్బర్లకు 80,000 నుండి 1,60,000 కిలోమీటర్లు ఆయుష్షు. రోడ్డు, ధూళి, బరువు చెడ్డవైతే అది తగ్గుతుందే గాని పెరగదు. మన వాహనం ఆ వయసులోనికి అప్పటికే ప్రవేశించినది.

"మరి ముందుగా ఎందుకు తెలియలేదు?" అని మేము అడిగాము.

"అదే కదా బాబూ దీని గుణం. రాత్రి గాలి కొంచెం పోతాది. పొద్దున్న తాళం తిప్పగానే కంప్రెసర్ నింపీస్తాది. బండి లేసి నిలబడతాది. సాయిబు వచ్చేసరికి అంతా బాగే. పైకి బండి బాగుంటాది, లోపల కంప్రెసర్ చస్తాది" అన్నాడు.

ఈ ఒక్క మాటతో మాకు విషయం మొత్తం అర్థమైనది. కంప్రెసర్ కొద్ది నిమిషాలు పనిచేసి విశ్రాంతి తీసుకొనుటకు నిర్మించిన యంత్రం. తిత్తిలో సూది మొనంత చిల్లి పడితే అది పదే పదే నడవవలసి వస్తుంది. వేడెక్కుతుంది. గాలిలోని తేమను పీల్చే గుళికలు తడిసి ముద్దవుతాయి. ఆ తేమ వాల్వులలోకి చేరుతుంది. చివరకు ఒకనాడు, ఎక్కువ బరువుతో, ఎక్కువ మలుపులలో, కంప్రెసర్ ఆగిపోతుంది. ఆ తరువాత వాహనం కుంగుతుంది. షాక్ అబ్సార్బర్లదీ అదే రీతి. సీలు అరిగి నూనె కొంచెం తగ్గినా కంప్యూటరు వాల్వును మరికొంత బిగించి లోపాన్ని కొంతవరకు కప్పిపుచ్చుతుంది. సర్దుకొనే గుణమే దాని వయసును మన కంటికి కనబడనీయదు. కమాన్ కట్ట క్రమంగా ముసలిదవుతుంది. ఇది యౌవనంలో ఉన్నట్లే కనిపించి ఒక్క రోజున కూలుతుంది. ఆ రోజున స్టీరింగు వద్ద ఎవరు ఉంటే వారే దోషులవుతారు.

మేము ఫైలు తెరచి ఫొటోలు చూపించాము. మేస్త్రీ చేతులు తుడుచుకొని చాలసేపు చూచి రెండే ప్రశ్నలు వేశాడు. "గోతిలో పడితే చక్రం రిమ్ము వంగాల, లేకపోతే టైరు పక్క ఉబ్బాల. వంగిందా?" వంగలేదు. "కంప్రెసర్ ఇంతకుముందు మార్చినారా?" ఆ విషయం ఫైలులో లేదు. మార్చినదీ లేనిదీ మాలో ఎవరమూ అడగలేదు. ముగ్గురు అధికారులం, ఒక ప్రశ్నకు సమాధానం లేక ఆ షెడ్డులో నిలబడ్డాము. టీ తెప్పించి, డబ్బు తీసుకొనక, "ఆ డ్రైవరుకి సెప్పండి, గమ్హరియా మేస్త్రీ అడిగినాడని" అని మాత్రం అన్నాడు.

రెండవ రోజు పని త్వరగా ముగియడంతో సరాయికెలా పట్టణానికి వెళ్ళాము. ఛౌ నృత్యానికి పుట్టినిల్లయిన పట్టణాలలో అది ఒకటి. 2010లో యునెస్కో ఛౌ నృత్యాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది. సరాయికెలా నర్తకులు ముఖానికి తొడుగు ధరించి ఆడుతారు. ఒక కళాకారుని ఇంట గోడకు వ్రేలాడుతున్న తొడుగులను చూచాము. ప్రశాంతమైన ముఖాలు, అరమోడ్పు కన్నులు. ఆ తొడుగు లోపల ఊపిరి తీసుకొనుట కష్టమని, అందువలన ఒక్కొక్క నృత్యం కొద్ది నిమిషాలే ఉంటుందని ఆయన చెప్పారు. నర్తకుని ముఖాన అలసట ప్రేక్షకునికి కనబడదు. గురువు మాత్రం పాదం చూచి కనిపెడతాడట. మాకు షెడ్డులోని వాహనం జ్ఞాపకం వచ్చినది. దాని పాదాన్ని చూచినవారు మన కార్యాలయంలో ఎవరైనా ఉన్నారా అన్న సందేహమూ కలిగినది.

ఆ సందేహానికి సమాధానం తిరిగి వచ్చిన తరువాత దొరకినది. రవాణా విభాగం బీరువాలోనుండి ఆ వాహనపు లాగ్ పుస్తకాలు తెప్పించాము. సంఘటనకు ఎనిమిది నెలల ముందు కంప్రెసర్ కాలిపోయినదని, ఒక వర్క్‌షాపులో కొత్తది వేయించినారని బిల్లు దొరికినది. అది ఎందుకు కాలినదో ఎవరూ విచారించలేదు. చిల్లి తిత్తులను అట్లే ఉంచి కొత్త కంప్రెసరును వాటికి బలి ఇచ్చినట్లయినది. తరువాత పుటలు తిరగవేయగా, "రిమార్కులు" అన్న గడిలో, ఎవరూ చదవని ఆ ఇరుకు గడిలో, మా డ్రైవరు గుండ్రని అక్షరాలతో మూడు వేర్వేరు తేదీలలో వ్రాసిన వాక్యం కనిపించినది. "ఉదయం బండి వెనుక భాగం కొంచెం దిగి ఉన్నది. స్టార్టు చేసిన తరువాత లేచినది." మూడు చోట్లా ప్రక్కన అధికారి పొడి సంతకం ఉన్నది. వాటిలో ఒకటి మా ముగ్గురిలో ఒకరిది.

వాహనం తన వయసును దాచినది నిజమే. కాని మనిషి దాచలేదు. ఆయన చెప్పవలసిన రీతిలో, చెప్పవలసిన చోట, మూడుసార్లు చెప్పాడు. చదవవలసినవారమే చదవలేదు. ఈ వాక్యాన్ని నివేదికలో వ్రాయుటకు మాకు కొంత సమయం పట్టినది. ఎవరి సంతకమో కూడ వ్రాయాలా అన్న చర్చ జరిగినది. వ్రాశాము.

వసూలు ప్రతిపాదనను యాజమాన్యం ఉపసంహరించుకొన్నది. మెమోను మూసివేసినది. దానితో పాటు మేము సూచించిన కొన్ని నియమాలు ఇప్పుడు అమలులో ఉన్నవి. సొంత వాహనం గల పాఠకులకు కూడ ఉపయోగపడవచ్చునని ఇచ్చట పేర్కొంటున్నాము. సాయంత్రం వాహనాన్ని నిలిపినప్పుడు చక్రం మధ్య బిందువు నుండి పై మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి వ్రాయవలెను. మరునాడు ఇంజను తిప్పక ముందే మరల కొలవవలెను. నాలుగు మూలలలో ఏ మూల దిగినదో ఆ మూలలో వెదకవలెను. వారానికి ఒకసారి తిత్తుల మడతలలోని ధూళిని నీటితో కడగవలెను. కంప్రెసర్ మాటిమాటికి నడుస్తున్న ధ్వని వినబడితే ముందుగా చిల్లిని మూయవలెను. కంప్రెసర్ కాలితే తిత్తులను పరీక్షించక కొత్తది వేయరాదు. తేమ పీల్చే గుళికలను దానితో పాటు మార్చవలెను. తిత్తులను, షాక్ అబ్సార్బర్లను ఒకే ఇరుసు మీద జంటగా మార్చుట మేలు. జాకీతో ఎత్తే ముందు ఎత్తును సర్దే యంత్రాంగాన్ని ఆపివేయవలెను. కొనుగోలు చేసే రోజుననే ఏడవ సంవత్సరపు మరమ్మతుకు పద్దు వ్రాసి ఉంచవలెను.

గాలి తిత్తులు చెడ్డవని మా అభిప్రాయం కాదు. వందే భారత్ రైలు పెట్టెలు నిలబడేది గాలి స్ప్రింగుల మీదనే. 2024 సెప్టెంబరులో టాటానగర్ నుండి పాట్నాకు ఆ రైలు మొదలైనది. అచ్చట నిర్ణీత కాలానికి ఒక మనిషి క్రిందికి దిగి, దీపం వేసి చూస్తాడు. తేడా యంత్రంలో లేదు, ఆ చూపులో ఉన్నది.

మెమో మూసివేసిన ఉత్తర్వును మేమే స్వయంగా డ్రైవరుకు అందజేశాము. ఆయన రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకొన్నాడు. గమ్హరియా మేస్త్రీ అడిగినాడని చెప్పాము. "ఆయనకు నా పేరు ఎట్లా తెలుసు సార్?" అన్నాడు. పేరు తెలియదు, పని తెలుసునని చెప్పాము. ఆయన చిన్నగా నవ్వి, సీటు క్రింద నుండి కొలత టేపు తీసి, వాహనం వెనుకకు వెళ్ళి వంగి కూర్చున్నాడు. లాగ్ పుస్తకంలో ఆ సాయంత్రపు అంకెలు వ్రాసి మా ముందుంచాడు. ఈసారి చదివి సంతకం చేశాము.